కొత్తరేవుకు వచ్చిన ఆడవాళ్లు

కొత్తరేవు,
9 ఫిబ్రవరి 1961.

చిరంజీవి సమాధానానికి,

అక్క దీవెనలు. నువ్వూ, పుష్పకుమారీ కులాసా అని తలుస్తాను. నేనూ కులాసా అని రాద్దామనే కలం పట్టుకున్నాను గాని, అది అబద్ధమవుతుంది. నాలుగు రోజులుగా ఒళ్లంతా కోపంగా ఉంది. ప్రసూతి కేంద్రంలో నా పని నేను చేస్తున్నాను, పిల్లలు పుడుతున్నారు, కోపం మాత్రం తగ్గడం లేదు. ఎవరికో ఒకరికి చెప్పుకోవాలి కదా.

ఆదివారం ఆరాధన ముగించుకుని వస్తున్నాను. బస్టాండులో మద్రాసు నుంచి వచ్చిన రెండు బస్సులు ఆగి ఉన్నాయి. సముద్రం చూసి, లైట్‌హౌసు ఎక్కి, దర్గాకు పోయి, సాయంత్రం దాకా ఉందామని వచ్చిన కుటుంబాలు. ఒక పెద్దావిడ నా తెల్లచీర చూసి ఆసుపత్రి మనిషినని పోల్చుకుంది. దగ్గరకొచ్చి, గొంతు తగ్గించి, ఎక్కడికి వెళ్లాలని అరవంలో అడిగింది. నీకు తెలుసు కదా, మన బస్టాండులో మగవాళ్లకు ఒక గోడైనా ఉంది. ఆడవాళ్లకు అదీ లేదు. మా క్వార్టర్సుకు తీసుకుపోయాను. ఆవిడ వెనకాల ఇంకొకరు, వాళ్ల వెనకాల ఇంకొకరు. మొత్తం ఇరవైమూడు మంది, సమాధానం. మా వాకిట్లోంచి వీధి దాకా నిలబడ్డారు. చంటిబిడ్డను ఎత్తుకున్న బాలింత కూడా ఆ వరసలోనే ఎండలో నిలబడింది. నేను బావిలోంచి నీళ్లు తోడి పోస్తూనే ఉన్నాను.

పన్నెండు కాకముందే డ్రైవర్లు హారన్లు కొట్టారు. ఆడవాళ్లంతా ఇంటికి పోదామన్నారట. లైట్‌హౌసు ఎవరూ ఎక్కలేదు. బస్టాండులో టీ అంగడి నడిపే జైతూన్‌బీ నాతో అంది: "నర్సమ్మా, ఈ బస్సులు ఇంక రావు చూస్కో. ఒక్క ఆడమనిషి కూడా టీ తాగలా. తాగితే యాడికి పోవాల?"

బుధవారం మునిసిపల్ ఆఫీసులో మీటింగు పెట్టారు. ప్రభుత్వం ఈ కోస్తాలో ఒక రేవు ఊరిని ఎంచుకుని టూరిస్టు పట్టణంగా బాగుచేస్తుందట. ఇంకో రెండు ఊళ్లు మనతో పోటీలో ఉన్నాయట, చూసి తేల్చడానికి కమిటీ వస్తుందట. బస్టాండు ముందు పెద్ద స్వాగత ద్వారం కట్టాలని ఒకరు, ఫౌంటెన్ పెట్టాలని ఒకరు, రంగుదీపాలని ఇంకొకరు. ఛైర్మన్ జయరామయ్యగారు అన్నిటికీ తల ఊపుతున్నారు. వెనక నిలబడి ఉన్న నేను, "అయ్యా, ముందు ఆడవాళ్లకు పాయిఖానాలు కట్టించండి" అన్నాను.

ముందు వరసలో ఎవరో నవ్వారు.

"ఎలిశబెతమ్మా, పెద్దమనుషులు కూర్చోనుండారు. ఇది ఊరి అందం గురించి పెట్టిన మీటింగు. ఆ మాటలు ఆసుపత్రిలో మాట్లాడుకోండి" అన్నారు ఛైర్మన్‌గారు.

"మనిషన్నాక ఆసుపత్రి బయట కూడా ఆ అవసరం పడతాదండీ" అన్నాను. ఇంక నన్ను మాట్లాడనియ్యలేదు.

అందుకే దరఖాస్తు రాసి, మీ హైదరాబాదు ఆఫీసుకు నేరుగా పంపాను. ఈ టూరిస్టు ఫైళ్లు మీ సెక్షనుకే వస్తాయని నువ్వే ఒకసారి రాశావు. సిఫారసు చెయ్యమనడం లేదు. చదవవలసినవాళ్లు చదివేటట్టు చూడు, చాలు.

నీ అక్క,
ఎలిశబెతు.


హైదరాబాదు,
2 మార్చి 1961.

అక్కకు, సమాధానం వందనాలు.

నీ ఉత్తరం అందింది. పుష్పకుమారికి ఇప్పుడు నాలుగో నెల. వేవిళ్లు తగ్గాయి. నువ్వు దగ్గర లేవని రోజుకొకసారైనా అంటుంది.

దరఖాస్తు సంగతి. అది ఇంకా నా కంటపడలేదు. ఆఫీసులో కాగితాలు ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదకు రావడానికి ఎన్నాళ్లు పడుతుందో నీకు తెలియదు. ఒక మాట మాత్రం చెప్పాలి, కోప్పడకు. నువ్వు అడిగినది ప్రజారోగ్య శాఖ కిందికి వస్తుంది, యాత్రికుల ఆకర్షణ కిందికి రాదు. పైవాళ్లు అలాగే చూస్తారు. మళ్లీ రాయవలసి వస్తే ఆ మాట అలా పచ్చిగా రాయకుండా 'స్త్రీల సౌకర్యములు' అని రాస్తే గౌరవంగా ఉంటుంది. నువ్వు మునిసిపాలిటీ ఉద్యోగివి. ఛైర్మన్‌తో పేచీ ఎందుకు? ఆరోగ్యం చూసుకో.

సమాధానం.


కొత్తరేవు,
20 మార్చి 1961.

చిరంజీవి సమాధానానికి,

'స్త్రీల సౌకర్యములు' అని రాస్తే అద్దమూ దువ్వెనా పెట్టించి ఊరుకుంటారు. నేను పాయిఖానా అనే రాశాను. మళ్లీ రాసినా అదే రాస్తాను. ఆ మాటకు సిగ్గుపడే పెద్దమనుషులందరికీ ఇళ్లలో అవి ఉన్నాయి.

నెల రోజులుగా బస్సులు వచ్చినప్పుడల్లా పోయి ఆడవాళ్లను అడుగుతున్నాను. వాకాడు నుంచి వచ్చేవాళ్లు తెల్లవారినప్పటి నుంచి నీళ్లు ముట్టరట. గూడూరు మీదుగా వచ్చేవాళ్లయితే ముందురోజు సాయంత్రం నుంచే మానేస్తారు. ఈ ఎండల్లో, ఈ ఉప్పుగాలిలో. పోయిన శుక్రవారం దర్గా మెట్ల మీద ఒక ముసలామె కళ్లు తిరిగి పడిపోయింది. నాలుక ఎండి అతుక్కుపోయి ఉంది. నీళ్లు తాగించబోతే పళ్లు బిగించి వద్దంటుంది. "తాగితే మళ్లా..." అని నా చెయ్యి పట్టుకుంది. దాహానికి నీళ్లు వద్దనే మనిషిని ఇన్నేళ్లలో నేను చూడలేదు.

మన ఊరికి వచ్చేవాళ్లలో సగానికి సగం ఆడవాళ్లు. వాళ్లు రెండు గంటలు ఉండలేని ఊరు టూరిస్టు పట్టణం ఎలా అవుతుంది? సముద్రం ఆ రెండు ఊళ్లలోనూ ఉంది. మనిషిని మనిషిగా చూసి కూర్చోబెట్టిన ఊరికే మనుషులు మళ్లీ వస్తారు. ఇది తెలుసుకోవడానికి కమిటీ కావాలా?

స్వాగత ద్వారానికి పునాదులు తవ్వుతున్నారు. ఫైలు ఇంకా తేలకముందే. నా దరఖాస్తు నీ కంటపడిందో లేదో రాయి.

పుష్పకుమారిని బరువులు ఎత్తనియ్యకు.

అక్క.


హైదరాబాదు,
25 ఏప్రిల్ 1961.

అక్కకు వందనాలు.

ఆలస్యానికి క్షమించు. ఆఫీసులో ఊపిరాడడం లేదు. స్వాగత ద్వారమూ ఫౌంటెనూ మంజూరయ్యాయి. మన ఊరి పేరు పోటీలో ముందుంది, సంతోషించవలసిన విషయమే. మంచి ఊరని పేరొస్తే మిగతావి వాటంతట అవే వస్తాయి.

జయరామయ్యగారు పనిమీద హైదరాబాదు వచ్చి మా ఇంటికి కూడా వచ్చారు. పుష్పకుమారికని ఎండురొయ్యలు తెచ్చారు. నీ గురించి మర్యాదగానే మాట్లాడారు. "మీ అక్కగారు మంచి పనిమంతురాలు, కాస్త ఆవేశపరురాలు" అన్నారు, అంతే.

అక్కా, జూలైలో నాకు ప్రమోషను రావలసి ఉంది. కలెక్టరుకు రాస్తానని నువ్వు అంటున్నట్టు ఆయన ద్వారా విన్నాను. కొన్నాళ్లు ఆగు. నా కోసం.

సమాధానం.


కొత్తరేవు,
3 జూన్ 1961.

సమాధానానికి,

దర్గా ఉరుసు అయింది. ఎలా అయిందో రాస్తున్నాను. ఒక్క మాట వదలకుండా చదువు.

ఉరుసుకు జిల్లా అంతా కదిలి వస్తుంది కదా. ద్వారం పనికోసం బస్టాండు గోడ వెనక సున్నం నానబెట్టే గుంట తవ్వారు. వచ్చే జనానికి అసహ్యంగా కనిపించకూడదని దాని చుట్టూ తాటాకు దడి కట్టారు. ఒక పక్క మనిషి పోయేంత సందు వదిలారు. బోర్డు లేదు, కాపలా లేదు. గుంట మీద సున్నం తెట్టె కట్టి, దానిమీద ఇసుక పడి మామూలు నేల లాగే ఉంది.

సంగం నుంచి చెంచులక్ష్మి అని ఒకామె తల్లితో మొక్కు తీర్చుకోవడానికి వచ్చింది. ఇరవై ఆరేళ్లుంటాయి. పొలం పనులు చేసుకునే మనిషి. మధ్యాహ్నం దాకా ఓర్చుకుంది. తరవాత ఆ దడి కనబడింది.

కేక విని జైతూన్‌బీ టీ అంగడి వదిలి పరిగెత్తింది. ఇద్దరు మనుషుల్ని పిలిచి ఆమెను పైకి లాగించి, అంగడిలో ఉన్న నీళ్లన్నీ కాళ్ల మీద పోసింది. నేను పోయేటప్పటికి పోస్తూనే ఉంది. ఇంకా ఇంకా పోశాం. మోకాళ్ల దాకా తోలు ఊడిపోయింది, సమాధానం. నేను పంతొమ్మిదేళ్లుగా నొప్పులు చూస్తున్న మనిషిని. ఆ అరుపు నాకు ఇంకా వినబడుతోంది.

ఆ బాధలోనే నాతో ఏమన్నదో తెలుసా? "అమ్మా, ఆడోళ్ల కోసమే దడి కట్టినారనుకున్నా."

ఎవరైనా అలాగే అనుకుంటారు. ఇంగితం ఉన్న ఏ ఊళ్లోనైనా దడి అందుకే కడతారు.

నెల్లూరు పెద్దాసుపత్రికి నేనే తీసుకుపోయాను. ప్రాణానికి భయం లేదన్నారు. నడక ఎప్పటికి వస్తుందో చెప్పలేమన్నారు.

తిరిగి వచ్చేసరికి ఛైర్మన్‌గారు కబురు పెట్టి ఉన్నారు. పోతే ఒక రిపోర్టు నా ముందు పెట్టారు. 'సదరు స్త్రీ పని జరుగుచున్న స్థలములోనికి అనుమతి లేకుండా చొరబడినందువలన' అని రాసి ఉంది. వైద్యం చేసిన మనిషిగా నన్ను సంతకం పెట్టమన్నారు.

"పెట్టను" అన్నాను.

"కమిటీ వచ్చే నెల వస్తుండాది. ఊరి పేరు పోతాది."

"ఆమె కాళ్లు పోయినాయి."

అప్పుడాయన సొరుగులోంచి నా దరఖాస్తు తీశారు. హైదరాబాదు నుంచి తిరిగి వచ్చిందట, వచ్చి రెండు నెలలైందట. "మీరు ఎవురి మీద ధైర్యంతో మాట్లాడుతుండారో ఆయనే రాసినాడు, చూడండి" అని నా చేతికిచ్చారు.

నేను ఫిబ్రవరిలో రాసిన కాగితం. అంచున ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు. ఈ విషయం టూరిజానికి సంబంధించినది కాదు, తిరస్కరించవచ్చు, తిప్పి పంపవచ్చు. చివరిది: ఈ ఉద్యోగిని తన పరిధి దాటకుండా హెచ్చరించవచ్చు. తేదీ ఫిబ్రవరి ఇరవైనాలుగు.

మార్చి రెండున నువ్వు అది నీ కంటపడలేదని రాశావు.

కింద పొడి అక్షరాలు చూడవలసిన పని లేకపోయింది. అమ్మ పోయినప్పుడు నీకు ఆరేళ్లు. మిషను కాపీ పుస్తకం పెట్టి, నీ వేళ్ల మీద నా వేళ్లు పెట్టి దిద్దించిన దస్తూరీ అది.

ఎలిశబెతు.


హైదరాబాదు,
12 జూన్ 1961.

అక్కకు,

మూడు ఉత్తరాలు రాసి చించేశాను. ఆఫీసరు చెప్పినట్టు రాశానని మొదటి దాంట్లో ఉంది. నీ పేరు గొడవల్లోకి రాకూడదని అలా చేశానని రెండో దాంట్లో ఉంది. రెండూ కొంతవరకు నిజమే. అందుకే చించేశాను.

మొదటి మూడు వాక్యాలు ఆఫీసరు చెప్పినవి. చివరిది ఆయన చెప్పలేదు. నేనే చేర్చాను. దరఖాస్తు పెట్టిన నర్సు మా అక్క అని సెక్షనులో అప్పటికి ఎవరికీ తెలియదు. ఆ కాగితం చదివి బల్ల చుట్టూ చేరి నవ్వుకున్నారు. నేనూ నవ్వాను. ఆ తరవాత, నువ్వు నాకు ఏమీ కావని వాళ్లకు చూపించుకోవడానికన్నట్టు, ఆ వాక్యం రాశాను. అది ఇన్నాళ్లూ నాలోపల కుళ్లుతూనే ఉంది. ఉత్తరం రాసినప్పుడల్లా దాచాను.

చెంచులక్ష్మి సంగతి పుష్పకుమారికి చదివి వినిపించాను. దరఖాస్తు సంగతి కూడా దాచకుండా చెప్పాను. విన్నాక లేచి, జయరామయ్యగారు తెచ్చిన రొయ్యల డబ్బా తీసుకుపోయి వీధిలో పారబోసి వచ్చింది.

నన్ను క్షమించమని ఎలా అడగాలో తెలియడం లేదు.

సమాధానం.


కొత్తరేవు,
19 జూన్ 1961.

సమాధానానికి,

ఉత్తరం అందింది. నీ క్షమాపణ నాకు రాశావు. నాకు రాసి ఏం లాభం? ఏ కాగితాల్లో తప్పు రాశావో వాటిలో రాయి.

సంతకం పెట్టనందుకు నా మీద విచారణ అంటున్నారు. పెట్టుకోనీ. నేను చూసింది చూసినట్టు రాసి కలెక్టరుకు పంపాను, నకలు నీకూ పెడుతున్నాను. జైతూన్‌బీ సాక్షిగా వేలిముద్ర వేసింది. "అంగడి పీకించేస్తారంటుండారు గదా, భయం లేదా?" అని అడిగితే, "ఆ పిల్ల కాళ్లు పట్టుకున్న చేతులివి నర్సమ్మా, ముద్ర వెయ్యడానికి వణకవు" అంది.

పుష్పకుమారిని నొప్పులకు నెల ముందే ఇక్కడికి పంపు. నీ మీద కోపం ఆమె మీద లేదు.

అక్క.


హైదరాబాదు,
8 నవంబరు 1961.

అక్కకు వందనాలు.

పాపను ఎత్తుకుని పుష్పకుమారి మొన్న క్షేమంగా చేరింది. ఆగస్టులో నేను పాపను చూడ్డానికి వచ్చిన రెండు రోజుల్లో నువ్వు నాకు అన్నం పెట్టావు గాని, నాతో నాలుగు మాటలు కూడా మాట్లాడలేదు. అందుకే అప్పుడు చెప్పలేకపోయినది ఇప్పుడు రాస్తున్నాను.

జూలైలో ఆ ఫైలు తెప్పించుకుని కొత్తగా నోటు రాశాను. ఫిబ్రవరి నోటు తప్పని, ఆ చివరి వాక్యం నా సొంతమని, దరఖాస్తుదారు నా అక్క అని రాశాను. చెంచులక్ష్మి సంగతి కూడా రాసి, నువ్వు కలెక్టరుకు పంపిన దాని నకలు జతచేశాను. సూపరింటెండెంటు చదివి, "నీకేమైనా మతిపోయిందా? దీన్ని చించేసి పోయి పని చూసుకో" అన్నాడు. నేను చించలేదు. సంతకం పెట్టి నేరుగా పైకి పంపాను. ప్రమోషను రాలేదు. పాత రికార్డుల గదికి మార్చారు. దుమ్ముకు దగ్గు వస్తోంది, అంతకు మించి కష్టం లేదు.

ఇక అసలు సంగతి. బస్టాండులో ఆడవాళ్లకు ఆరు గదులు మంజూరయ్యాయి. నా నోటు వల్ల అని చెప్పుకోవాలని ఉంది గాని, కాదు. నీ దరఖాస్తు వల్లా కాదు. మద్రాసు బస్సు కంపెనీవాళ్లు ఉత్తరం రాశారు, ఆడవాళ్లు కొత్తరేవు యాత్రకు టిక్కెట్లు కొనడం లేదని. అది చూసి వారంలో ఉత్తర్వు ఇచ్చారు. ఒక మనిషి కాళ్లు కాలితే నాలుగు నెలలు ఫైలు కదలలేదు. బస్సులో సీట్లు ఖాళీ అయితే వారంలో కదిలింది. ఇన్నాళ్లూ ఈ ఆఫీసులో ఎందుకు తల వంచుకుని కూర్చున్నానా అనిపిస్తోంది.

సమాధానం.


కొత్తరేవు,
16 మే 1962.

చిరంజీవి సమాధానానికి,

అక్క దీవెనలు. పాపకు పళ్లు వస్తున్నాయని పుష్పకుమారి రాసింది. జ్వరం వస్తే కంగారు పడకండి, నీళ్లు బాగా పట్టించండి.

ఆరు గదులూ ఫిబ్రవరికి పూర్తయ్యాయి. సున్నం వేసి, ముందు పూలకుండీలు కూడా పెట్టారు. గోడ మీద పాలరాయి, పాలరాయి మీద జయరామయ్యగారి పేరు. ప్రారంభోత్సవానికి నన్ను పిలవలేదు, నేను అడగనూ లేదు. మద్రాసు బస్సులు మళ్లీ వస్తున్నాయి. ఆడవాళ్లు లైట్‌హౌసు ఎక్కుతున్నారు. ఇదంతా బాగానే ఉంది. బాగాలేనిది ఏమిటంటే, తలుపుకు తాళం. 'టూరిస్టులకు మాత్రమే' అని బోర్డు. మద్రాసు బస్సు వచ్చినప్పుడు జవాను వచ్చి తీస్తాడు, బస్సు పోగానే వేసేస్తాడు. మన పల్లెల నుంచి వచ్చేవాళ్లు టూరిస్టులు కారట. బస్టాండులో చేపలగంప దించుకున్న మనిషికి అసలే లేదట. మూడు దరఖాస్తులు పెట్టాను. శుభ్రత చెడుతుందని జవాబు వచ్చింది.

మొన్న ఉరుసు. ఆఫీసుకు సెలవు, జవాను లేడు, తాళంచెవి లేదు. ఎండ మాడిపోతోంది. తలుపు ముందు నలభై యాభై మంది ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. కొత్త సున్నపు గోడను, తాళాన్ని చూస్తూ కూర్చున్నారు. ఎవరూ ఏమీ అనడం లేదు. ఆ అనకపోవడమే నేను భరించలేకపోయాను. వాళ్లలో చెంచులక్ష్మి ఉంది. కర్ర పట్టుకుని నడుస్తోంది. పోయినేడు తీరని మొక్కు తీర్చుకోవడానికి తల్లిని తోడు తీసుకుని మళ్లీ వచ్చింది.

"ఏం తల్లీ, నీళ్లు తాగినావా?" అని అడిగాను.

"లేదమ్మా" అంది. ఆ మాట తప్పు ఒప్పుకున్నట్టు, తల దించుకుని అంది.

జైతూన్‌బీ అంగడికి పోయి బొగ్గులు కొట్టే సుత్తి అడిగాను. ఎందుకని అడగలేదు, ఇచ్చి నా వెంట వచ్చింది. నాలుగో దెబ్బకు తాళం ఊడింది. చెంచులక్ష్మిని ముందు పంపించాం. తరవాత సాయంత్రం దాకా ఇద్దరం తలుపు దగ్గరే ఉండి, నీళ్లు తోడి పోస్తూ, ఒకరి తరవాత ఒకరిని పంపాం. మధ్యలో జైతూన్‌బీ పోయి పెద్దబానలో టీ కాచి తెచ్చింది. అందరూ తాగారు. శుభ్రత చెడలేదు. ఆడవాళ్లే కడిగి పోయారు.

పోయినేటి విచారణే ఇంకా తేలలేదు, నిన్న మెమో వచ్చింది. మునిసిపల్ ఆస్తి ధ్వంసం చేసినందుకు సంజాయిషీ ఇవ్వాలట, ఉద్యోగంలోంచి ఎందుకు తీసివెయ్యకూడదో మూడు రోజుల్లో చెప్పాలట. పంతొమ్మిదేళ్లు దాటి ఇరవై నడుస్తోంది నా సర్వీసు. తీసేస్తే తీసేయనీ, పిల్లలు పుట్టడం ఆగదు, నా చేతులకు పని ఉంటుంది. ఇంక నీమీద కోపం లేదని కూడా ఇందులోనే రాస్తున్నాను, దానికి వేరే ఉత్తరం అక్కర్లేదు.

సంజాయిషీ ఈ ఉదయమే రాసి ఇచ్చాను. నీకోసం నకలు రాస్తున్నాను, పెద్దదేమీ కాదు:

"అయ్యా, ఆడవాళ్లు వచ్చారు. తలుపు తీశాను."

నీ అక్క,
ఎలిశబెతు.